డిండోలి గేటు దగ్గర జపాన్

కరోనా రెండో ఏడాది, కాలేజీ అంతా ఫోన్లోనే నడుస్తున్న రోజుల్లో, నాకు యానిమే పిచ్చి, అంటే జపాన్ కార్టూన్ సినిమాల పిచ్చి పట్టింది. ఒక సినిమాలో రైల్వే గేటు దగ్గర అమ్మాయి మనసులో మాట చెబుతుంది. సరిగ్గా అప్పుడే రైలొస్తుంది, అబ్బాయికి ఏమీ వినపడదు. ఆ గేటు జపాన్‌లో నిజంగానే ఉందట, అభిమానులు వెళ్లి అక్కడే ఫోటోలు దిగుతారట. నాకు సూరత్ దాటే దారే లేదు. అందుకని ఒక ఆదివారం మా నాన్నను, అదే బాపును, డిండోలిలో మా ఇంటి దగ్గరి గేటుకే లాక్కెళ్లాను.

బాపు ఇరవై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. ఆ మరమగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. మాస్కులొచ్చాక కార్ఖానా మూగదైపోయిందని ఆయన రోజూ తిట్టుకునేవాడు. అది వింటూనే ఉన్నాను, అయినా ఆ రోజు గుర్తుకు రాలేదు.

బాపు పది అడుగుల దూరంలో ఫోన్ పట్టుకున్నాడు. నేను మాస్కు తీసి గేటు పక్కన నిలబడ్డాను. రైలు రాగానే, ఎలాగూ వినపడదన్న ధైర్యంతో, మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనని మాట అనేశాను.

"బాపూ, నువ్వంటే నాకు పానం."

రైలు పోయింది. ఫోన్‌లో ఫోటో లేదు.

"ఏంది బాపూ, ఒక్కటి గూడ తియ్యలే?" అని కసిరాను.

"నీ నోరు జూసుకుంట మర్సిపోయిన బిడ్డా."

గేటు లేచింది, స్కూటర్లు కదిలాయి. బాపు తన మాస్కు కిందికి లాగి, చప్పుడు లేకుండా పెదవులు మాత్రం కదిపాడు.

"నాగ్గూడ, పిచ్చిదాన."