ఇంటికి సుడి

పందొమ్మిది వందల అరవైల్లో, నాకు ముప్పై దాటాక, హాలియాలో ఒక ఇల్లు కొన్నాను. ఊళ్లో అందరూ చవకగా కొట్టేశావన్నారు. ఎందుకు చవకో చెప్పడానికి ఇన్నేళ్లు నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెప్పడంలో గొప్పేమీ లేదు, వినవలసిన మనిషి పోయింది.

ఆ ఊరికి నేను బడిపంతులుగా వెళ్లేనాటికి ఇళ్లను అడిగే దిక్కు లేదు. సాయుధ పోరాటపు గడబిడ రోజుల్లో కలిగినవాళ్లంతా తాళాలు వేసుకుని హైదరాబాదు వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చారు, రానివాళ్ల ఇళ్లు అలాగే ఉండిపోయాయి. పెంకులు జారినా సర్దేవాడు లేడు. కొందరైతే కిరాయి కూడా వద్దు, సాయంత్రం దీపం పెడితే చాలనేవారు. నాకు దొరికిన ఇల్లూ అలా తాళం వేసి ఉన్నదే. మట్టి గోడలు, గూనపెంకుల కప్పు, ముందు అరుగు, వెనక రెండు మేకలు కట్టుకునేంత జాగా. గొర్లు మేపిన ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అది బంగళాలాగే కనిపించింది. ఇంటాయనను మేమంతా దొర అనేవాళ్లం. ఆయనకు నెలనెలా చిన్న కిరాయి పంపేవాణ్ణి.

తర్వాత సాగర్ కాలువ తవ్వుకుంటూ మా వైపు వచ్చింది. నీళ్లు ఇంకా రాలేదు గానీ ధరలు వచ్చాయి. కృష్ణ అవతలి నుంచి మనుషులు బస్సు దిగి, చేతిసంచి చంకలో పెట్టుకుని, పొలాలూ ఇళ్లూ అడుగుతూ తిరిగేవారు. హోటల్లో చాయ్ తాగుతూ జనం మురిసిపోయేవారు, జాగాలకు మళ్లీ పానం వచ్చిందని. సొంత ఇల్లున్నవాడికి మురిపెమే. కిరాయికి ఉన్నవాడు మాత్రం టపా వచ్చినప్పుడల్లా బెదిరేవాడు. ఒక ఎండాకాలం దొర దగ్గర నుంచి కార్డు రానే వచ్చింది. ఇల్లు అమ్మదలిచాను, మూడు వేలకు అడిగేవాళ్లున్నారు, నువ్వు వేరే చోటు చూసుకో అని.

నేను వేరే చోటు చూసుకునేవాణ్ణే. నా భార్య కదలనంది.

దానికి కారణం చెప్పాలి. మా కొడుకు ఆ ఇంట్లోనే పెరిగాడు, ఏడాదిన్నర పాటు. వాడు మొదటిసారి గడప దాటిననాడు ఆమె వాడకట్టంతా తిరిగి పప్పుబెల్లాలు పంచింది. ఆ వానాకాలం జ్వరం పట్టుకుంది. ఎంతకూ దిగకపోతే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. మూడో రోజు అక్కడే పోయాడు. తిరిగి వచ్చాక మా అమ్మ, అన్నలు ఇల్లు మార్చమని నా చెవులు కొరికేశారు. ఆ మాట ఎత్తినప్పుడల్లా నా భార్య ఒకటే జవాబు చెప్పేది.

"వాడు సచ్చింది నల్లగొండల. గీ ఇంట్ల వాడు బతికున్నడు. నేను యాడికీ రాను."

కార్డు చదివి వినిపించినప్పుడు కూడా అదే మాట. తర్వాత తన మెడలోది తీసి నా ముందు పెట్టింది. ఈ ఇల్లు మనదే కావాలి, ఎట్లనన్న చెయ్యి అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగింది అదొక్కటే. దాన్ని అమ్మి, నా దగ్గరున్నదీ, అన్నల దగ్గర తెచ్చిందీ కలిపినా మూడు వేలకు చాలా దూరంలోనే ఆగిపోయాను.

అప్పుడు దలాల్ దగ్గరికి వెళ్లాను. హుజూర్‌నగర్ అంగట్లో ఎడ్ల బేరాలు చేసి తల పండిన మనిషి. ఇళ్ల ధరలు లేచేసరికి ఎడ్లను వదిలి ఇళ్ల మీద పడ్డాడు. మిగతా దలాలులు రెండు వైపులా నమిలేవాళ్లు. ఇతను మాత్రం కొనేవాడి తరఫునే నిలబడేవాడు.

"అమ్మేటోని దగ్గర నేను పైస ముట్ట. నేను నీ దిక్కు మనిషిని అల్లుడా" అన్నాడు మొదటి రోజే. ఆ వరస ఎక్కడిదో నాకు తెలియదు, కానీ నేనూ వెంటనే మామా అన్నాను.

ఇంటికి వచ్చి గోడలు తట్టి చూశాడు. వాసాలు చూశాడు, పెంకులు చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయని ముఖం ముడుచుకున్నాడు. అరుగు మీద కూర్చుని, నా భార్య లోపల ఉందని గొంతు తగ్గించి అడిగాడు.

"గీ ఇంటికి సుడి ఏముందో చెప్పు."

ఆ మాట నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అంగట్లో ఎద్దును కొనేటప్పుడు దలాల్ దాని వెంట్రుకలకు ఎదురు చెయ్యి పోనిచ్చి సుడుల కోసం వెతుకుతాడు. వెన్ను మీదో, నుదుటి మీదో చెడ్డ సుడి దొరికిందంటే ఆ ఎద్దు ఇంటికి అచ్చిరాదంటారు. ధర సగం పడిపోతుంది. ఎద్దు ఎంత మంచిదైతే సుడి కోసం అంత గట్టిగా వెతకాలి. మా నాయిన పక్కన నిలబడి ఇవన్నీ చూసినవాణ్ణే.

"ఇంటికి సుడి ఏంది మామా?"

"ఎవలన్న ఉరి పెట్టుకున్నరా? పాము కరిచిందా? ఎవలన్న సచ్చిండ్రా?"

నేను మా కొడుకు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. నల్లగొండలో పోయాడని కూడా చెప్పాను. అతను జాలి పడ్డాడు, అబద్ధం ఎందుకు, నిజంగానే పడ్డాడు. నా భుజం మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత అన్నాడు.

"నల్లగొండ మాట ఇడిసిపెట్టు."

నేను తల ఊపాను. అంతే నేను చేసింది. ఆ రోజుకు అంతే.

వారం తిరిగేసరికి హోటల్లో, బస్సుల దగ్గర ఆ ఇల్లు అచ్చిరాదన్న మాట పాకింది. మూడు వేలకు వస్తామన్న అవతలి వాళ్లు ఒకసారి వాకిలి దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయారు. దొర హైదరాబాదు నుంచి తానే దిగాడు. నా భార్య తన అన్న ఇంటికి వెళ్లిన రోజు చూసి దలాల్ ఆయనను పిలిపించాడు. ఆడమనిషి లేకుంటేనే బేరం సాఫ్‌గా అయితదన్నాడు.

దొర ముసలివాడైపోయాడు. అరుగు మీద కూర్చుని చేతికర్ర గోడకు ఆనించి, దలాల్ వైపు చూడకుండా నన్నే అడిగాడు.

"పంతులూ, ఏం సంగతి ఇది? పిల్లగాడు గీ ఇంట్లనే పోయిండా?"

"అవును దొరా" అన్నాను. ఎవరూ అడగకుండానే, "నడింట్లనే" అని కూడా చేర్చాను.

ఆయన తల తిప్పి నడింట్లోకి చూశాడు. ఇప్పుడు కొట్టిపారేస్తాడు, ఎక్కడ లేవు చావులు అంటాడని నేను భయపడుతున్నాను. అలా అని ఉంటే ఎంత బాగుండేదో.

"నాకు తెల్వది పంతులూ" అన్నాడు చివరికి. "తెలిస్తే నీ దగ్గర కిరాయి తీసుకుందునా? మా ఇంట్ల పోయిన పిల్లగాడు మా పిల్లగాడే. ఇగ నేను బేరం చెయ్య. నీకు తోచినంత నువ్వే చెప్పు."

సుడికి భయపడి తగ్గలేదు ఆయన, నా కొడుకును తలుచుకుని తగ్గాడు. అప్పుడైనా నిజం చెప్పి కాళ్ల మీద పడవలసింది. నేను దలాల్ వైపు చూశాను. అతను ఒళ్లో చెయ్యి పెట్టుకుని రెండు వేళ్లు చాపాడు, తర్వాత నాలుగు. రెండు వేల నాలుగు వందలు అన్నాను. దొర సరేనని తల ఊపి, కర్ర అందుకుని, వాకిట్లో చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. నాకు సిగ్గు వేయలేదు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది, అది దాచను.

దలాల్ నన్ను మోసం చేయలేదు. చెప్పినట్టే నా వైపు నిలబడ్డాడు, చెప్పినంతే తీసుకున్నాడు. మోసం చేసి ఉంటే వాణ్ణి తిట్టుకుంటూ హాయిగా బతికేవాణ్ణి.

రిజిస్ట్రీ అయిన రోజు కాగితం తెచ్చి నా భార్య చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కళ్లకు అద్దుకుంది. నాలుగు రోజులు ఇల్లంతా ఎర్రమట్టితో అలికింది, అరుగుకు సున్నం పట్టీలు వేసింది. వాడు పోయాక ఆమె పాట పాడుకుంటూ పని చేయడం అప్పుడే విన్నాను.

అయిదో రోజు దలాల్ వచ్చాడు. ఆ పూట నేను ఇంట్లోనే ఉన్నాను. అతను అరుగు మీద కూర్చుని ఆమె ఇచ్చిన సల్ల తాగి, మూతి తుడుచుకుని, మెచ్చుకోలుగా అన్నాడు.

"మంచి ఇల్లు పట్టినవ్ బిడ్డా. పంతులు గట్టోడు. పిల్లగాడు నడింట్ల సచ్చిండని మొకం మీదనే చెప్పిండు, దొర ఇగ ఒక్క మాట మాట్లాడలే."

ఆమెకు నొప్పి కలిగించాలని కాదు, నన్ను పొగుడుదామనే అన్నాడు. ఆమె ఖాళీ గ్లాసు అందుకుని, ఇంకొంచెం పొయ్యనా అని అడిగింది. వద్దంటే లోపలికి వెళ్లింది. నేను అతణ్ణి వీధి చివరి దాకా సాగనంపి, అవసరం లేకపోయినా బజారంతా ఒక చుట్టు తిరిగి, ఇక తప్పదని ఇంటికి వచ్చాను.

ఆమె నడింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ లేవు. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

"వాడు ఈడ సచ్చిండంటే ఎంత తగ్గిచ్చిండ్రు?"

ఆరు వందలు. నాలుక చివర ఉంది ఆ అంకె. చెప్పడానికి భయం వేసింది. ఎంత తక్కువ చెబితే నా తప్పు అంత తక్కువవుతుందనిపించింది.

"మూడు వందలు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"గంతేనా?" అంది.