ఆయన చేతి బిగువు

శుక్రవారం పొద్దున నార్త్ యార్క్‌లో ఆఫీసుకి బయల్దేరి సబ్‌వే ఎక్కబోతుంటే ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ అంకుల్ వెళ్ళిపోయారే" అన్నారు. నిద్రలోనే పోయారట. కాఫీ కలిపి లేపడానికి వెళ్తే పలకలేదట. ప్లాట్‌ఫామ్ మీద నా ముందు నుంచి రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి. నేను ఎక్కలేదు.

అంకుల్ నాకు చుట్టమేం కాదు. ఒషావాలో చదువుకుంటూ మేం నలుగురు అమ్మాయిలం అద్దెకున్న బేస్‌మెంట్ ఆయనది. తెనాలి వైపు మనిషి. కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. నేను వరంగల్ పిల్లని. "అమ్మాయ్" అని కేకేస్తే మొదట్లో ఒళ్ళు మండేది, నాకో పేరుంది కదా అని. పోనుపోను ఆ కేక వినపడని రోజు ఇల్లు బోసిగా అనిపించేది.

మీలో కొంతమందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. విమానాల నిండా మన పిల్లలే ఈ దేశంలో దిగేవారు. ఏ బేస్‌మెంట్ చూసినా మనవాళ్ళే, పరుపుకి పరుపుకి మధ్య నడవడానికి చోటుండేది కాదు. అందరం పాత కార్లే కొనేవాళ్ళం. అవి కొన్న నెలకే ఎక్కడో ఒకచోట మొండికేసేవి. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది మా అంకులే. ఆయన దగ్గర ఒక పికప్ ట్రక్కు, దానికి తగిలించే టో డాలీ ఉండేవి. డాలీ అంటే రెండు చక్రాల చిన్న బండి. పాడైన కారు ముందు చక్రాలు దాని మీదికెక్కించి బెల్టులతో కట్టేస్తే, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుకుంటూ వస్తాయి. దగ్గర్లోని ఏజాక్స్ నుంచి పిలిచినా వెళ్ళేవారు, ఇంకా దూరం నుంచి పిలిచినా వెళ్ళేవారు. ఎవరైనా డబ్బులు తీయబోతే, "వెనకాల నిలబడి లైట్లు చూడు, అదే చాలు" అనేవారు.

ఆ లైట్లు చూడటం పెద్ద తతంగం. ఆయన ట్రక్కులో కూర్చుని ఇండికేటర్ వేస్తుంటే మేం వెనక నిలబడి "లెఫ్ట్! రైట్! బ్రేక్!" అని అరవాలి. గొంతు పెగలకపోతే ఊరుకునేవారు కాదు. "ఏవమ్మా, అన్నం తిన్లేదా?" అనేవారు. డాలీని ట్రక్కుకి తగిలించాక రెండు చేతులతో పైకి లాగి చూసేవారు, ఊడొస్తుందేమోనని. గొలుసులు రెండూ కింద అడ్డంగా దాటించి కట్టేవారు. ఎందుకు అంకుల్ అని అడిగితే, "పొరపాట్న కొక్కెం ఊడిందనుకో, ఆ కొస రోడ్డు మీద పడకుండా గొలుసుల ఒళ్ళో పడుద్ది" అన్నారు. ఆ మాట నాకెందుకో భలే నచ్చింది. డాలీ తగిలించాక మాత్రం రివర్స్ అనే మాట ఎత్తనిచ్చేవారు కాదు. ముందుకే వెళ్ళగలిగే చోటు దొరికేదాకా పార్కింగ్ లాట్‌లో చుట్లు కొట్టేవారు. మాకు ఆకలి మండిపోతుండేది.

"వెనక బండికి తెలివి లేదమ్మా. దాని బదులు కూడా మనమే ఆలోచించాలి" అనేవారు. తోలేటప్పుడు పాటలుండవు, కబుర్లుండవు. ఎవరెన్ని హారన్లు కొట్టినా కుడి లేన్ వదిలేవారు కాదు. బయల్దేరిన పది నిమిషాలకి మొదటి ఎగ్జిట్ తీసుకుని, ఆపి, దిగి, ప్రతి బెల్టూ మళ్ళీ లాగి చూసేవారు. బెల్టు బిగించడం నాకూ నేర్పారు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివినా చేత్తో ఒక్క పని నేర్చుకున్న పాపాన పోలేదు నేను. బెల్టు బిగించే పిడి టకటకమని కదిపి మొదటిసారి నేనే చక్రం కట్టినప్పుడు, ఆయన ఆ బెల్టుని వేలితో మీటి "ఆఁ, పలుకుతోంది" అన్నారు. ఆ వారమంతా క్లాసులో నేను నేల మీద నడవలేదు.

ఇంత నేర్పినాయనకి నేనేం చేశానో చెప్పాలి. చెప్పకుండా ఆయన గొప్పతనం నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు.

మా రూమ్మేట్ ఒకమ్మాయి రెండు గంటల దూరంలో ఉన్న కింగ్‌స్టన్‌లో ఒక కారు కొంది. గేర్‌బాక్స్ పోయిందని చవకగా వచ్చింది. మా నలుగురిలో మొదటి కారు. అంకుల్, ఆ అమ్మాయి, నేను వెళ్ళాం. సన్నగా వాన. అంకుల్ కారుని డాలీ మీదికెక్కించి, బెల్టులు బిగించి, నాకు వేలు చూపించారు. "కట్టింది కట్టినట్టుండాలి. ఇంక ఎవరూ చెయ్యి పెట్టకూడదు." తర్వాత వాళ్ళిద్దరూ కాగితాల సంతకాలకి లోపలికెళ్ళారు.

అప్పుడే మా అమ్మ వీడియో కాల్. "నిమ్మకాయలు తొక్కించకుండ బండి ఎట్ల తీస్తరు బిడ్డా? మొదటి బండి గదా!" నా బ్యాగులో నిమ్మకాయలున్నాయి, అమ్మ పోరు పడలేక ముందే కొన్నాను. చక్రాలేమో డాలీ మీదున్నాయి, తొక్కించేదెలా? కుడి చక్రం బెల్టు వదులు చేశాను. టైరుకీ, దాని ముందున్న ఇనప అడ్డుకీ మధ్య నిమ్మకాయలు రెండు దూర్చాను. మళ్ళీ బిగించాను. వేలితో మీటి కూడా చూశాను, పలికింది. "మంచిగ పెట్టినవ్ బిడ్డా" అంది అమ్మ ఫోన్లోంచి. అంకుల్ బయటికొచ్చారు. చెప్తే తీయించేస్తారని నోరు మూసుకున్నాను.

పది నిమిషాలకి మొదటి ఎగ్జిట్లో ఆపారు. దిగి కుడి బెల్టు పట్టుకున్నారు. దాని కింద ఆయన నాలుగు వేళ్ళూ దూరిపోయాయి. కుదుపులకి నిమ్మకాయలు చితికి, రోడ్డు మీదెక్కడో రాలిపోయాయి. అవి పోయిన సందులోకి చక్రం జరిగింది, బెల్టు వదులైంది. వానలో ఆనవాలు కూడా లేదు. నాకు మాత్రం చూడగానే అర్థమైంది.

అంకుల్ ట్రక్కు బంపర్ మీద కూలబడ్డారు. కళ్ళజోడు మీద నీళ్ళు తుడుచుకోలేదు. తడిసిన తోలు గ్లోవ్స్ విప్పి, తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. "నా చేత్తోనే కట్టాను కదమ్మా" అన్నారు. మళ్ళీ, "ఈ బండి 401 హైవే మీద ఊడుంటే? వెనక ఎవరి పిల్లలో ఉండేవారు" అన్నారు. మా రూమ్మేట్ ఏడుపందుకుంది. నేను ఆ వానలో నిలబడి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది.

ఆయనే మళ్ళీ బిగించారు. ఇల్లు చేరేలోగా ఇంకో ఐదుసార్లు ఆపారు. మర్నాడు డాలీని గ్యారేజీలో గోడవారకి తోసేశారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా, "వేరే ఎవర్నైనా చూసుకో నాయనా. నా చేతిలో బిగువు పోయింది" అనేవారు. కుళాయి కట్టి మళ్ళీ వచ్చి చూసుకునేవారు. స్టవ్ ఆర్పి ఆంటీని పిలిచి, "ఒకసారి చూడవే" అనేవారు. వంటింట్లోంచి ఆ మాట మెట్ల మీదుగా కిందికి వినపడేది.

చెప్పడానికి నాకెన్ని రోజులున్నాయి! మొదట భయం. ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఆ రోజుల్లో ఇంకో గది దొరికేది కాదు. తర్వాత ఉద్యోగం వచ్చింది, నార్త్ యార్క్ మారాను, ఆ భయం పోయింది. అప్పుడు సిగ్గు. పండగలకి వెళ్ళినప్పుడల్లా ఈసారి చెప్తాననుకునేదాన్ని. ఆయన పులిహోర డబ్బా నా చేతిలో పెట్టి, "సీటు బెల్టు పెట్టుకో అమ్మాయ్" అని సాగనంపేవారు. నేను పెట్టుకుని వచ్చేసేదాన్ని.

పదకొండో రోజు ఒషావా వెళ్ళాను. భోజనాలకి కుర్చీలు కావాలని ఆంటీ, నేను గ్యారేజీలోకి వెళ్ళాం. అక్కడ డాలీ పక్కన నిలబెట్టి చెప్పేశాను. నిమ్మకాయలు, అమ్మ ఫోను, బెల్టు విప్పడం, వానలో నోరు మూసుకోవడం, అన్నీ. ఆంటీ తిడతారని చూశాను. తిట్టినా బాగుండేది.

"ఈ మాట ఆయనకి చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారే!" అన్నారు. "నీ మీద కోపం ఒక పూట ఉండేది. ఆయన మీద ఆయనకి నమ్మకం పోయి, రెండేళ్ళు..."

డాలీ మీద ఆయన తోలు గ్లోవ్స్ ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. వేళ్ళు ఇంకా వంగే ఉన్నాయి. ఆంటీ వాటిని తీసి, చీర చెంగుతో దుమ్ము తుడిచారు.

"ఏమండీ, విన్నారా? మీరు సరిగ్గానే కట్టారట" అన్నారు, పక్క గదిలో మనిషితో చెప్పినట్టు.

లోపల్నుంచి ఎవరో కుర్చీల కోసం పిలుస్తున్నారు. ఆంటీ ఆ గ్లోవ్స్‌లోకి తన వేళ్ళు మెల్లగా దూర్చుకుని, ఆ చేతుల్ని అలా చూస్తూ నిలబడ్డారు.