వైర్‌లెస్ గది వెనక నెత్తళ్ళు

నా చిన్నప్పుడు మా జాలరిపేటంతా కలిసి అసహ్యించుకున్న మనిషి ఒక్కడే. ఒడ్డున వైర్‌లెస్ గదిలో ఉండే ఆపరేటరు. తుఫాను కబుర్లు ఆ గదిలోని సెట్టుకే వచ్చేవి. కబురొస్తే అతను ఎర్రజెండా కట్టేవాడు, మా మగవాళ్ళు వేట మానేవారు. చేసే పని మంచిదే, నోరే మురుగు. మమ్మల్ని చూస్తే ముక్కు మూసుకునేవాడు. ఒకసారి మా నాయనమ్మ చేపల గంపను కాలితో తన్ని కుక్కలకు వదిలేశాడు.

వానాకాలం ఎండ ఉండదు, చేప ఎండదు. ఆ గది వెనక గోడకు ఇనపజాలీ ఉండేది. లోపలి సెట్టు వేడి అందులోంచి బయటికి వచ్చేది. మా ఆడవాళ్ళు అది కనిపెట్టి, నెత్తళ్ళనే చిన్న చేపలు గుచ్చి కుట్టిన చాపలు జాలీకి అడ్డంగా కట్టడం మొదలుపెట్టారు. వేడి పోయే దారి లేక సెట్టు కాగిపోయి, దానికున్న హెచ్చరిక గంట మోగేది. అతను వచ్చి తిట్టేవాడు, వీళ్ళు రెండింతలు తిట్టేవారు. ఆ గంట వింటే మాకు సంబరం. వాడు ఏడుస్తున్నాడని.

ఒకరోజు పొద్దుటినుంచీ ముసురు. పడవ దింపుదామని మా నాన్న, చిన్నాన్న వలలు సర్దుతున్నారు. గంట ఆపకుండా మోగుతోంది. అతను బయటికొచ్చి, సెట్టు ఆగిపోతే తుఫాను కబురు రాదని, చాపలు తియ్యమని అరిచాడు. మా మేనత్త చేపలు కోసే కత్తి పట్టుకుని అడ్డం నిలబడింది.

“మునిగేది మీ మొగుళ్ళే. నాకేం పోయింది?” అని లోపలికి పోయాడు.

కాసేపటికి గంట ఆగింది. గెలిచామని అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. చాపలు తియ్యకుండా గంట ఎలా ఆగిందని ఆవిడ అనుమానం. లేచి వెళ్ళి చాప వెనక చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. నా చెయ్యి కూడా పట్టుకుని పెట్టించింది. జాలీ పెనంలా కాలుతోంది. వేడికి సెట్టే ఆగిపోయింది, దానితోపాటు గంటా ఆగిపోయింది.

ఆవిడ ముందు తన చాపే పీకింది. తరువాత మిగతావాళ్ళవి పీకబోయింది. మేనత్తకు ఒళ్ళు మండింది.

“ఆడి పక్కకెలిపోనావేటమ్మా? నీ గంప తన్నినోడు ఆడు.”

“ఆడు ఎదవేనే. అలాగని ఇది సల్లగుంటాదేటి? సెయ్యెట్టి సూడు.”

మేనత్త చెయ్యి పెట్టి చూసింది. కత్తి కింద పెట్టి రెండో వైపు చాప విప్పింది.

సెట్టు మళ్ళీ పలికేదాకా కదలనని నాయనమ్మ నాన్నవాళ్ళ పడవెక్కి కూర్చుంది. నాన్న ఎంత కసిరినా దిగలేదు. నెత్తళ్ళన్నీ తడి ఇసకలో కుళ్ళిపోయాయి, ఆ నెల సగం గంజితోనే గడిచింది. పొద్దు వాలే వేళకు సెట్టు చల్లారి, తుఫాను కబురు పలికింది. అతను జెండా కడుతూ మా చేపల కంపును తిట్టాడు. నాయనమ్మ పడవలోంచే వాడి వంశాన్ని తిట్టింది. ఆ రాత్రి గాలికి ఒడ్డున కట్టేసిన పడవలే బోర్లాపడ్డాయి. వాళ్ళిద్దరికీ మాత్రం ఆ తరువాతా పడలేదు.

అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. చెయ్యి పెట్టి చూసుకోవడం అంతకు చాలా ముందే వచ్చింది. మొన్న మా కోడలు, నాకు బొత్తిగా కిట్టని మనిషి, నీ కాళ్ళు వాచిపోయాయి, ఆసుపత్రికి పద అని నా మీద అరిచింది. నోటిదాకా వచ్చిన తిట్టు ఆపుకుని, ముందు వంగి కాలు తడుముకున్నాను. వాపు నిజమే. వెళ్ళి చూపించుకున్నాను. దారంతా దాన్ని తిట్టుకుంటూనే వెళ్ళాను.