ఐదో చిట్టీ

సారు పోయారన్న కబురు నాకు జిరాక్స్ పనిగా వచ్చింది. ఆ పొద్దున షటర్ ఎత్తి, మిషన్ వేడెక్కేలోపు అద్దం తుడుస్తున్నాను. మా కాలనీ సంఘం సెక్రటరీ బండి దిగి వచ్చి ఒక ఆధార్ కార్డు కౌంటర్ మీద పెట్టాడు.

"మూడు కాపీలు తియ్యి అక్కా, రెండు దిక్కులు రావాలె," అన్నాడు. "తెల్లారంగ సారు పోయిండు. దవాఖానకు తీస్కపోయేదాంక కూడ ఆగలే."

కార్డు మీద సారు ఫొటో. మూత వేసి బటన్ నొక్కాను. చేతికి తెలిసిన పని అదొక్కటే. కాపీలు తీసుకుని మెట్టు దిగబోతూ సెక్రటరీ ఆగాడు. "గీ చలికాలం చిట్టీలు నువ్వే రాయాలె అక్కా. సారే చెప్పిండు, నా తర్వాత గా బిడ్డకే ఇయ్యిన్రి అని."

ఏడవాల్సిన చోట నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సారు పేరున వేసే చిన్న పుస్తకానికి నాలుగు మంచి మాటలు రాయమని కాలనీవాళ్లు అడిగారు. రాస్తాను. మంచివన్నీ ఆయనవి, మిగిలినవి నావి.

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా నాకు లెక్కలు చెప్పింది ఆయనే. బెత్తం పట్టేవారు కాదు. కానీ జవాబు సరిగ్గా ఉండి మధ్యలో మెట్లు లేకపోతే నిర్మొహమాటంగా సున్నా వేసేవారు. "గిది ఎట్ల వచ్చిందో సూపియ్యి బిడ్డా. ఊకెనే వచ్చిన జవాబు నీది కాదు," అనేవారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. జవాబు వచ్చాక దారితో పనేముందని క్లాసులో అందరి ముందూ వాదించాను. ఆయన నవ్వి సున్నాను సున్నాగానే ఉంచారు. ఆ వాదన నా ఒంట్లోంచి ఇంకా పోలేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పెళ్లయి, మా ఇంటాయనకు మగ్గం పని తగ్గి, ఏం చేయాలో తోచక కూర్చున్నప్పుడు సిద్దిపేటలో ఆఫీసుల దగ్గర ఈ షాపు పెట్టమని చెప్పింది కూడా సారే. "కాయితం లేనిది ఏ పని కాదు. నీకు గిరాకీ తక్వ కాదు," అన్నారు. అన్నట్టే అయింది. షాపులోకి ఎప్పుడొచ్చినా చెప్పులు బయటే విడిచేవారు. గిది గుడి కాదు సార్ అంటే, "నీకు బువ్వ పెట్టే జాగ కద," అనేవారు. దసరా దాటితే మఫ్లర్ చుట్టేవారు, ఉగాది పచ్చడి తిన్నాక గానీ తీసేవారు కాదు.

మా కాలనీ కొత్తది. ధూళిమిట్ట నుంచి, అక్కన్నపేట నుంచి, భీవండి నుంచి తిరిగొచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లం. గేట్లు పెద్దవి, పలకరింపులు చిన్నవి. రిటైరయ్యాక సారు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఒక ఏడాది చూశారు, రెండో ఏడాది చిట్టీలాట మొదలుపెట్టారు. డిసెంబర్ చివరి ఆదివారం, ఐదు గల్లీలు ఐదు జట్లు. మొదటి చిట్టీలో ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని విప్పితే ఒక ఇల్లు తెలుస్తుంది. ఆ ఇంటికి వెళ్లి, చెప్పిన సంగతి అడిగి తెలుసుకుంటే ఇంటివాళ్లు రెండో చిట్టీ ఇస్తారు. అలా ఆరు. ఆరో చిట్టీ పెట్టె దాచిన చోటు చెబుతుంది. పెట్టె ముందు తెరిచిన గల్లీదే గెలుపు.

ఆ ప్రశ్నలు ఇంట్లో కూర్చుని విప్పేవి కావు. "ఇరవై ఏళ్లు భీవండిలో మగ్గాల మధ్య పనిచేసి, ఇప్పుడు చప్పుడు లేనిదే నిద్ర పట్టక రేడియో పెట్టుకుని పడుకునేది ఎవరు? రేడియోలో ఏం వింటాడో అడగండి." ఇంకోసారి, "గొల్లభామ చీర నేసే అమ్మ ఎవరో కనుక్కుని, ఆ చీర మీది భామ బొమ్మ ఏ చేత్తో కుండ పట్టుకుందో చూసి రండి." ఆ అమ్మ మా గల్లీలోనే, మూడిళ్ల అవతల ఉంటుంది. ఆ చిట్టీ వచ్చేదాకా నాకు తెలియదు. ఎవరైనా తలగోక్కుంటూ నిలబడితే సారు ఒకటే మాట అనేవారు. "తెల్వకుంటే తప్పు లేదు. అడగకుంటే తప్పు."

చిట్టీలకు కాపీలు తీసేది నేనే. ఒక్కోదానికి ఐదు, జట్టుకొకటి. నా గల్లీ కూడా ఆడుతుంది కాబట్టి వేరే షాపుకు పొమ్మని మొదటి ఏడు నేనే అన్నాను. "నువ్వు సూడవు. నాకెరికే," అన్నారు. కాగితాలు ఆయనే అద్దం మీద బోర్లా పెట్టేవారు. నేను గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి బటన్ నొక్కేదాన్ని. బయటికొచ్చిన కాపీలు ఆయనే ఏరుకునేవారు. నాలుగేళ్లు ఇలాగే నడిచింది. క్యాలెండర్‌లో తిథులన్నీ నాకు నోటికొచ్చాయి.

ఇక మా యారాలు సంగతి చెప్పాలి. మా బావగారి భార్య. వాళ్లది మూడో గల్లీ, మాది నాలుగో గల్లీ, మా ఇంటి వెనకగోడకు ఆనుకుని వాళ్ల వంటిల్లు. వాళ్ల గల్లీ వరసగా రెండేళ్లు గెలిచింది. రెండోసారి బహుమతి ఐదు లీటర్ల కుక్కర్. చీటీ తీస్తే అది మా యారాలికే వచ్చింది. పప్పుకు మూడు విజిల్స్ చాలు. ఆవిడ ఐదు వేయించేది, నాకు వినపడాలని. అది చాలదన్నట్టు ఒక పెళ్లిలో పదిమంది ఆడవాళ్ల మధ్య, "మా యారాలు దినమంత కాయితాల నడుమనే ఉంటది, ఒక్క చిట్టీ ఇప్పనీకి రాదు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ముందటేడు వానాకాలంలో సారు భార్య పోయారు. వాళ్లకు పిల్లలు లేరు. దారిన పోయే ఎవరినైనా "చాయ్ తాగి పో" అని లోపలికి లాగే మనిషి ఆవిడ. ఆవిడ పోయాక ఆ గేటు తీసేవాళ్లు తగ్గారు. నేనూ తగ్గాను. రమ్మని పిలవడం సారుకు రాదు. మగవాళ్లకే అది సరిగ్గా రాదు, లెక్కల సార్లకు అసలే రాదు.

ఆ డిసెంబర్‌లో సారు కాగితాలు తెచ్చి, "బజార్ల గ్లాసులు కొనేది ఉన్నది. నువ్వు తీసి పెట్టు, వస్త," అని వెళ్లారు. నన్ను కాగితాలతో ఒంటరిగా వదలడం అదే మొదటిసారి. క్యాలెండర్ వైపు తిరిగాను. యారాలి మాట చెవిలో మోగింది. తిరిగిన మెడ మళ్లీ ఇటు తిరిగింది. ఆరూ చదివాను. ఒక్కోదానికి ఐదు బదులు ఆరు కాపీలు తీశాను.

ఐదో చిట్టీ ఇది. అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఆరు నెలలుగా ఒక్కరి కోసమే పొయ్యి ముట్టిస్తున్న ఇల్లు ఏది? పోయి, కూర్చుని, చాయ్ తాగి, ఎట్లుందో నిజం చెప్పినవాళ్లకే ఆరో చిట్టీ."

అది ఎవరి ఇల్లో తెలుసుకోవడానికి నాకు ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. గ్లాసులు ఎందుకు కొంటున్నారో కూడా అప్పుడే తెలిసింది. అన్నీ తెలిసే ఆ కాపీని మడిచి పర్సులో పెట్టుకున్నాను. తెలియక చేశానని అనుకోకండి.

ఆట రోజు మొదటి రెండు చిట్టీలు జట్టుతో కలిసి పద్ధతిగానే విప్పాను. మూడోది చేతికొచ్చాక, "మీరు గీడ ఎండకు నిలవడున్రి, నేను ఉరికొస్త," అని మలుపు తిరిగాను. ఒక గోడ చాటున కాసేపు నిలబడి, పర్సులోంచి మిగతా మూడూ తీసుకుని వచ్చాను. మా గల్లీ ఆడవాళ్లు నన్ను ఎత్తుకోవడమే తక్కువ. సంఘం హాలు వెనక, నీళ్లెన్నడూ చూడని సంపులో పెట్టె. పది కాకముందే తెరిచాం. సెక్రటరీ మైకులో ఆట అయిపోయింది, అందరూ హాలు దగ్గరికి రండి అన్నాడు. మిగతా జట్లు మూడో ఇంటి నుంచో నాలుగో ఇంటి నుంచో వెనక్కి మళ్లాయి. ఐదో ఇంటికి ఎవరూ పోలేదు.

సారు కాస్త ఆలస్యంగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నారు. గెలిచిన జట్టు ఆరు చిట్టీలూ చూపించాలని నియమం. ఒక్కోటీ చూస్తూ వచ్చి, ఆరోదాని దగ్గర ఆయన వేళ్లు ఆగాయి. అప్పుడు వెలిగింది నాకు. ఆరో చిట్టీ ఐదు కాపీలూ ఆయన ఇంట్లోనే, బల్ల మీదే ఉన్నాయి. ఆ గడప ఎవరూ తొక్కలేదు. మరి నా చేతిలోది ఎక్కడిది? పొద్దస్తమానం కాపీలు లెక్కపెట్టేదాన్ని, ఈ ఒక్క లెక్క ముందు తట్టలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఆయన ఆ చిట్టీ మడిచి జేబులో పెట్టుకున్నారు. మైకు తీసుకుని, "నాలుగో గల్లీ గెల్చింది," అన్నారు. అంతే. ప్రతి ఏడూ గెలిచినవాళ్లతో "చిట్టీలు మంచిగ ఇప్పిన్రు" అనేవారు. ఆ ఏడు ఆ మాట రాలేదు. చప్పట్లలో ఎవరూ గమనించలేదు.

తర్వాత ఇంటికి వెళ్లి, పెద్ద క్యాన్‌లో చాయ్, సంచిలో కొత్త స్టీలు గ్లాసులు మోసుకొచ్చారు. చిన్నకోడూరు పాలాయన దగ్గర ఐదు లీటర్లు పోయించుకున్నారట, అది మర్నాడు తెలిసింది. అందరూ సంఘం ఏర్పాటు అనుకుని నిలబడే తాగారు. సారు నా దగ్గరికి వచ్చి గ్లాసు ఇచ్చారు. నేను ఒక గుటక వేసేదాకా ఆగి, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగారు.

చక్కెర లేదు. అల్లం ఘాటు ఒక్కటే గొంతులో దిగింది. "మంచిగున్నది సార్," అన్నాను.

పక్కనే ఉన్న మా యారాలు గ్లాసు దించింది. "చక్కెర ఎయ్యలే సార్. మర్సిపోయిన్రు."

సారు క్యాన్ వైపు చూసుకుని, ఆవిడ వైపు చూసి నవ్వారు. "నిజమే బిడ్డా. ఎప్పుడు ఆమెనే ఏస్తుండె, నాకు యాదికి రాలే." ఆరో చిట్టీ న్యాయంగా ఎవరిదో అక్కడున్నవాళ్లలో ఇద్దరికే తెలుసు.

పదకొండో రోజు హాల్లో సంతాప సభ పెట్టారు. నన్ను సారు శిష్యురాలని, ఆయన మెచ్చిన తెలివిగల బిడ్డ అని పిలిచి మాట్లాడమన్నారు. ఆ లెక్కల మెట్ల సంగతి, మఫ్లర్ సంగతి చెప్పి దిగిపోయాను. ఎవరో వెనక నుంచి ఈసారి చిట్టీలు ఈమెవే అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరేమన్నా నాకు నన్నే అన్నట్టుంది. ఆ రోజే యారాలి వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పేశాను. ఇప్పుడు నన్ను దులిపేస్తుందనుకున్నాను. ఆవిడ పొయ్యి ఆర్పింది.

"సారు ఇంటికి ఎవ్వరు పోలేదా గా దినం?" అంది. తర్వాత, "నాకెందుకు చెప్తున్నవు? ఆయన ఉన్నప్పుడు ఆయనకు చెప్పాల్సింది," అంది.

 చెప్పే సందు దొరకలేదని అనడానికి లేదు. దొరికింది. పోయిన చలికాలం.

నిరుడు సారు రారని, వేరే షాపుకు పోతారని అనుకున్నాను. పోతే బాగుండునని కూడా అనుకున్నాను. కానీ డిసెంబర్‌లో ఒక పొద్దున మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. మనిషి చిక్కిపోయారు. కాగితాలు అద్దం మీద పెట్టలేదు. నా చేతికే ఇచ్చారు, రాత పైకి కనబడేట్టు. ఇచ్చి, ఆయనే అటు తిరిగి, వీపు నావైపు పెట్టి రోడ్డు చూస్తూ నిలబడ్డారు.

నేను కళ్లు గట్టిగా మూసుకుని తీశాను. సగం కాపీలు వంకరగా వచ్చాయి. మిషన్ ఆగింది. ఆయన తిరగలేదు. ఎదురుగా ఎండలో ఆటోలు, అప్లికేషన్లు పట్టుకున్న జనం. సార్, ఆ రోజు నేను, అన్నంతవరకు మాట గొంతులోకి వచ్చింది. అక్కడే ఆగింది.

"అయిపోయింది సార్," అన్నాను.

నెమ్మదిగా తిరిగారు. వంకర కాపీలు ఒక్కోటీ చూశారు. సంచిలో పెట్టుకుని నా ముఖంలోకి చూశారు. "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?"

"ఏం లేదు సార్."

ఇంకొంచెంసేపు నిలబడ్డారు. తర్వాత చెప్పులు తొడుక్కుని, షటర్ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, రోడ్డు దాటి వెళ్లారు. మిషన్ మూత ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద చేతులు పెట్టుకుని, ఆ మఫ్లర్ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.