రెండో పిడికెడు ఉప్పు

పదిహేడేళ్లుగా ఒక పిడికెడు ఉప్పును మోస్తున్నాను. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. నా పిడికిలి చిన్నది, అందులో పట్టేది మహా అయితే రెండు చెంచాలు. శెనక్కాయల మూటలు మోశాను, కట్టెల మోపులు మోశాను, వాటన్నిటినీ ఎక్కడో ఒకచోట దించాను. దీన్ని మాత్రం దించలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే నోరు రాదు. నాకు అక్షరాలు వచ్చింది తలలో తెల్ల వెంట్రుకలు కనపడ్డాకే. తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాల తప్పుల మాట చెబుతున్నాను. నేను చేసిన తప్పును సర్దుకోమని అడగను.

మా ఊరు చంద్రగిరికి దగ్గర. ఇద్దరన్నదమ్ముల ఇల్లు. పెద్దాయన భార్యను నేను అక్కా అంటాను. చిన్నాయన భార్యను నేను. అత్త, మామ, పిల్లలు, అందరూ కలిసి ఎనిమిది మందిమి, ఒకటే పొయ్యి. ఆ పొయ్యి అక్కది.

అక్క వంటను రుచి చూడదు. ఎన్నడూ చూడలేదు. సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెల శనివారాల్లో మేము స్వామికి నైవేద్యంగా తళిగ వేస్తాం. అరిటాకులో అన్నం రాశిగా పోసి, చుట్టూ పప్పు, కూరలు, చారు పెట్టి, గోవిందా అన్నాకే ఎవరైనా ముద్ద ఎత్తాలి. అంతకుముందు వాటిని నాలుకకు తగిలిస్తే ఎంగిలి. చాలామంది ఆ నాలుగు శనివారాలూ భయపడుతూ వండుతారు. అక్కకు ఆ భయం లేదు. ఆమెకు ఏడాది పొడవునా తళిగే. ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో కాదు, చెవితో తెలుసుకునేది.

ఈ మాట నమ్మడం కష్టమని తెలుసు. నేనూ నమ్మలేదు. అక్క పొయ్యికి వీపు పెట్టి కూరగాయలు తరుగుతూ ఉండేది. వెనక చారు ఉడుకుతూ ఉండేది. ఉప్పు వేసి, తల కొంచెం పక్కకు వంచి, ఎవరో దూరం నుంచి పిలుస్తుంటే విన్నట్టు వినేది. "ఉప్పు పడినాక ఉడుకు గొంతు మారతాది పాపా. ముందు గలగలమంటాది. సాలకపోతే గునుస్తాది. సరిపోయినాక గుసగుసలాడతాది," అనేది. నేను వినేదాన్ని. నాకు వినపడింది ఒక్కటే, నీళ్లు ఉడుకుతున్న చప్పుడు.

కాపురానికి వచ్చి అయిదేళ్లయినా నా చారు కుదరలేదు. రెండుసార్లు రుచి చూసి దించినా అటో ఇటో అయ్యేది. అత్త అందరి ముందూ నవ్వేది. "నీకు నాలిక ఉండాది, దానికి సెవి ఉండాది. ఎవురి సారు తినాల్నో నువ్వే సెప్పు!" మామ కూడా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు లోపల ఏమవుతోందో నాకు అప్పుడు తెలియదు. అక్కను చూస్తే గుడిలో మూలవిరాట్టును చూసినట్టు ఒళ్లు జలదరించేది. అది ఆశ్చర్యమే. కానీ ఎక్కువ కాలం తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది కదా. నాకూ పుట్టింది.

పెరటాసి ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం. మగవాళ్లు చేనులో కలుపు తీయించి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయారు. సంగటి సిద్ధంగా ఉంది. పొయ్యి మీద టమేటా చారు ఉడుకుతోంది. అక్క నా కళ్ల ముందే పిడికెడు ఉప్పు వేసింది. తల వంచి విన్నది. చాలన్నట్టు తల ఊపి, దొడ్లోకి కరివేపాకు దూసుకురావడానికి పోయింది.

ఉప్పుజాడీ నా మోకాలి పక్కనే ఉంది.

ఎందుకు వేశాను? ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. పరీక్ష చేద్దామని. నిజంగా ఆమెకు వినపడుతుందా, లేక ఏళ్ల అలవాటేనా తెలుసుకుందామని. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ పరీక్ష పెట్టినవాళ్లు తర్వాత జవాబు చెబుతారు. నేను చెప్పానా?

వేశాను. పిడికెడు. కలిపి, గరిటె ఉన్నచోటే పెట్టాను.

అక్క గడప దాటుతూనే ఆగిపోయింది. పొయ్యి దాకా రాలేదు. అక్కడే, చేతిలో కరివేపాకుతో, తల పక్కకు వంచి నిలబడింది. వినపడింది. ఆమెకు నిజంగా వినపడింది. నేను మనిషిలో చూసిన పెద్ద వింత అదే. ఆ క్షణంలో కాళ్ల మీద పడి ఉంటే, 'అక్కా, నేనే వేశాను, నీ చెవి ఎంత గొప్పదో చూడాలని వేశాను' అని ఉంటే, ఆమె నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి నవ్వి ఉండేది. పదిహేడేళ్ల బరువు అక్కడే దిగిపోయేది.

ఆమె నా వైపు తిరిగింది.

"మే, నేను ఉప్పు రెండుసార్లు ఏసినానా?"

"ఏసినావు గదక్కా."

"ఒకసారే ఏసినట్టు గురుతే."

"రెండుసార్లు ఏసినావు. నేను సూసినాను."

నేను చూశాను అన్నాను. ఆ మాట అనకపోయినా సరిపోయేది. 'ఏమో అక్కా' అన్నా చాలేది. ఆమె చెయ్యి ఎత్తి తన అరచేతిని చూసుకుంది. అది తనది కాదన్నట్టు చూసుకుంది.

తర్వాత ఆమె చేసింది చెప్పాలి. ఎందుకంటే మా ఇంట్లో అందరూ ఇష్టంగా తినే చారు ఆ అరగంటలోనే పుట్టింది. మగవాళ్లు బావి దగ్గరి నుంచి వచ్చేలోపు ఎనిమిది మందికి సరిపోయే చారు ఉప్పు కషాయమై ఉంది. అక్క దాన్ని పారబోయలేదు. కాయ పట్టిందో లేదో చూడడానికి బావ పెరికి తెచ్చిన వేరుశెనగ చెట్లు మూలన ఉన్నాయి. లేత కాయలు ఒలిచి రోట్లో వేసి, నీళ్లు చిలకరిస్తూ మెత్తగా రుబ్బింది. గుడ్డలో వేసి పిండితే చిక్కటి పాలు వచ్చాయి. మధ్యాహ్నం మిగిలిన అలసంద గుగ్గిళ్లు చారులో పోసింది. రెండు మొక్కజొన్న కంకులు నా చేతికిచ్చి గింజలు ఒలవమంది. ఒలిచాను. మంట తగ్గించి శెనగపాలు సన్నని ధారగా పోస్తూ తిప్పింది. ఎర్రటి చారు మెల్లగా సంధ్యవేళ ఆకాశం రంగుకు తిరిగింది. జీలకర్ర, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ నలిపి నేతిలో వేయించి పోసింది. పొద్దుటి రాగిరొట్టెను పెనం మీద కరకరలాడేలా కాల్చి, విరిచి పైన చల్లింది. పెరుగు మీది మీగడ తీసి ఒక్కో గిన్నెలో ఒక్కో వెన్నముద్దలా వదిలింది.

అప్పటిదాకా అలాంటి వంటకం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. సంగటి ముద్ద అందులో ముంచి తిన్న మామ తల ఎత్తలేదు. నా మొగుడు గిన్నె నాకినంత పని చేసి, "ఇదేం సారు వదినా? దీని ముందర పెండ్లి భోజనం ఎందుకు?" అన్నాడు. అత్త దానికి పాలచారని పేరు పెట్టింది. అక్క నవ్వలేదు. నేను ఒక గుక్క తాగాను. ఎంత బాగుందో! మీగడ చల్లగా, చారు వేడిగా, రొట్టెముక్క పళ్ల కింద పటపటమంటూ. నేను పాడుచేసినదాన్ని ఆమె ఇలా చేసింది. రెండో గుక్క గొంతు దిగలేదు, ఆ తర్వాత ఎన్నడూ దిగలేదు.

పెరటాసి మొదటి శనివారం రాకముందే అక్క అత్త దగ్గరికి పోయింది. "ఈసారి తళిగ సిన్నకోడలు సేస్తాది అత్తా. నా సెయ్యి నాకు సెప్పకుండా పని సేస్తా ఉండాది. స్వామి ముందర ఆ సెయ్యి పెట్టలేను," అంది. అత్త ఎంత చెప్పినా వినలేదు.

అలా తళిగ నాకు వచ్చింది. నేను రుచి చూడకుండా వండలేను. తలుపు చాటున, గోడకు ముఖం పెట్టి, గరిటె చివర నాలుకకు తగిలించుకుని చూసేదాన్ని. ఆ ఎంగిలినే ఆకులో పెట్టి గోవిందా అనేదాన్ని. ఊళ్లో వాళ్లు తిని, పెద్దకోడలి చెయ్యి చిన్నకోడలికి వచ్చిందన్నారు. స్వామికి భయపడ్డానా? పడ్డాను. కానీ నిజం చెబుతున్నాను, అక్కకు భయపడినంత పడలేదు.

ఆ రోజు నుంచి అక్క తన చేత్తో ఉప్పు వేయలేదు. తళిగలోనే కాదు, గంజిలో కూడా. వంటంతా ఆమే చేసేది. చివర జాడీ నా ముందు పెట్టి, "ఉప్పు సూడు పాపా," అనేది. తల పక్కకు వంచి వినడం కూడా మానేసింది. ఉడుకు గొంతును ఇంకా వింటోందా, విన్నా నమ్మడం లేదా? అడగడానికి నాకు నోరేది?

కొన్నేళ్లకు బడి అరుగు మీద పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. దీపాలు పెట్టే వేళకు పోవాలి. ఎనిమిది మందికి వండి పోవడం ఎలా కుదురుతుంది? పాలచారు ఉంది కదా అంది అక్క. అలసందలు పొద్దున్నే నానబెట్టి మధ్యాహ్నం ఉడికించి పెట్టేది. శెనగపాలు తనే పిండేది. అరగంటలో చారు అయ్యేది. నేను ఉప్పు వేసి, పలక చంకన పెట్టుకుని పరిగెత్తేదాన్ని. "నువ్వూ రా అక్కా" అంటే, "ఇద్దరం పోతే కుండ ఎవురు సూస్తారు? పో పో, నీకొస్తే నాకొచ్చినట్టే," అనేది. వారంలో అయిదు సాయంత్రాలు అలా గడిచాయి. ఆ చారే నాకు అక్షరాలిచ్చింది. పంతులమ్మ అ, ఆ దిద్దిస్తుంటే నేను అబ్బురపడి చూసేదాన్ని. వంకర గీతల్లో మాట దాగి ఉంటుందని, కళ్లతో చూస్తే వినపడుతుందని. అక్కకు ఉడుకులో వినపడినట్టు. అలాంటి వింత ఒకటి నా చేతికి వచ్చింది, ఆమె చేతి నుంచి ఒకటి పోయాక. ఇప్పుడు ఈ మాటలు రాస్తున్న అక్షరాలు కూడా ఆ రెండో పిడికెడులోంచి వచ్చినవే.

అక్క ఇప్పుడు నా పక్కనే కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు చదవడం రాదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ఇది ధైర్యమేనా?

*

పై మాట రాసి పుస్తకం మూశాను. ఇప్పటికి ఆరు రోజులైంది. మిగిలింది ఈ రోజు రాస్తున్నాను.

నాకు పెదవులు కదపకుండా రాయడం రాదు. లేటుగా నేర్చుకున్నవాళ్లందరికీ అంతే. ఒక్కో అక్షరం లోలోపల పలికితేగాని చెయ్యి కదలదు. ఆమె కళ్లకు అందదని నిశ్చింతగా రాశాను. చెవి సంగతి మరిచిపోయాను.

ఆ రోజు పుస్తకం మూయగానే ఒలిచే చప్పుడు ఆగింది. "ఏం రాస్తా ఉండావు మే? ఉప్పు ఉప్పంటా ఉండావు. గట్టిగా సదువు, వింటాను," అంది.

ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచను. తర్వాత పుస్తకం తెరిచి మొదటి మాట నుంచి చదివాను. కూడబలుక్కుంటూ చదివాను. పరీక్ష అన్నచోట ఆగాను. నీళ్లు తాగి మళ్లీ చదివాను. 'నేను సూసినాను' అన్నచోట ఆగలేదు. చివరిదాకా చదివాను.

అక్క తన అరచేతిని చూసుకుంది. శెనక్కాయల చాటను పక్కన పెట్టి లేచిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అయిదు రోజులు నాతో పలకలేదు. జాడీ నా ముందు పెట్టేది, మాట ఉండేది కాదు. నిన్న సాయంత్రం పాలచారు చేసింది. జాడీ నా ముందు పెట్టలేదు. మూత తీసి, పిడికెడు తీసుకుని, కుండ మీద చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత వదిలింది. తల పక్కకు వంచింది. నేను కూడా ఊపిరి బిగబట్టి విన్నాను. నాకు ఎప్పటిలాగే నీళ్ల చప్పుడు. ఆమెకు ఏం వినపడిందో ముఖం చూస్తే తెలియలేదు. ఇంకొంచెం వేసింది.

ఉప్పు ఎక్కువైంది. బాగా ఎక్కువైంది. నా మొగుడు ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. "ఈ రోజు ఉప్పు అక్క ఏసింది," అన్నాను. తల వంచుకుని తిన్నాడు. బావ రెండు చెంబుల నీళ్లు తాగాడు. అక్క కూడా తిన్నది. నా వైపు చూడలేదు. ఈ రోజుకూ చూడలేదు. చూస్తుందో లేదో తెలియదు.

నేను గిన్నె ఖాళీ చేశాను. మళ్లీ పోయించుకున్నాను. నాలుక మండింది. పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి ఆ చారు నా గొంతు దిగింది.