తలకిందుల గడియారం

మా ఇంట్లో గోడ గడియారం తలకిందులుగా వేలాడుతుంది. పక్కింటి పిన్నిగారు మొదటిసారి చూసి, "అదేంటి బాబూ, మందు గాని మొదలుపెట్టావా?" అన్నారు. "లేదండీ, అది లండన్ గడియారం" అన్నాను. ఆవిడ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయారు.

నవంబరులో నా భార్య ఆరు నెలల ఒప్పందం మీద నర్సు ఉద్యోగానికి లండన్ వెళ్ళింది. అంతకుముందు గుడివాడలో ఒక ఆస్పత్రిలో చేసేది. ఒకప్పుడు లండన్ ఓడలు అద్దకం బట్టల కోసం మా బందరు వచ్చేవట. ఇప్పుడు బట్ట చాలక మనిషినే పట్టుకుపోయారు! నేను పెడనలో చెక్క అచ్చులతో బట్టల మీద అద్దకం వేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే పలకరించే దిక్కు లేదు. ఆమె మాటలు భరించలేక టీవీ సౌండు పెంచినవాణ్ని నేనే. ఇప్పుడు టీవీ పెట్టాలంటేనే చిరాకు.

అక్కడికీ ఇక్కడికీ ఐదున్నర గంటల తేడా. లెక్కలకీ నాకూ చిన్నప్పట్నుంచీ పడదు. ఒకరోజు గడియారానికి బ్యాటరీ మార్చి, చూసుకోకుండా తిరగేసి తగిలించాను. సాయంత్రం ఆరయింది. ముళ్ళు పన్నెండున్నర చూపిస్తున్నాయి. సరిగ్గా ఆమె టైము! అంకెలు లేని గీతల గడియారం కాబట్టి సరిపోయింది. ఇక దాన్ని ముట్టుకోలేదు. పన్నెండున్నర ఆమె భోజనం వేళ, రోజూ అప్పుడే ఫోన్ చేసేది.

మార్చి చివర్లో ఒక శనివారం అంది, "ఇంకో మూడేళ్ళు ఉండమంటున్నారండీ. ఉంటానంటే సోమవారం ఒంటిగంటలోపు సంతకం పెట్టి కాగితం ఇవ్వాలి. రేపు ఫోన్ వద్దు, బాగా ఆలోచించుకోండి. సోమవారం భోజనం టైములో నేనే చేస్తాను. రమ్మంటారా, ఉండమంటారా? 'నీ ఇష్టం' అన్నారంటే మాత్రం ఊరుకోను."

"నీ ఇష్టం" నా ఊతపదం. చీర కొన్నా, ఇల్లు మారినా అదే మాట. ఎంత మంచివాడో అనుకుంటారు జనం. మంచితనమా పాడా! రేపు ఏదైనా తేడా వస్తే తప్పు నా నెత్తిన పడకూడదని. ఈసారి మాత్రం తేల్చుకున్నాను. వచ్చెయ్, నువ్వు లేకుండా నావల్ల కావడం లేదు, అనాలి. ఆదివారమంతా ఖాళీ ఇంట్లో ఆ మాట పైకి అని చూసుకున్నాను. నాకే సిగ్గేసింది, అయినా మళ్ళీ అన్నాను.

సోమవారం పని నుంచి పెందలాడే వచ్చి, కాస్త ధైర్యం కోసం సాయంత్రం నమాజుకి వెళ్ళాను. మసీదు గుమ్మంలో ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఐదుంబావుకి ఇల్లు చేరి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, టీ కలుపుకుని గడియారానికి ఎదురుగా కూర్చున్నాను. అక్కడ పదకొండూ ముప్పావు. ఇంకా బోలెడు టైముంది అనుకున్నాను.

ఆరయింది. ఫోన్ తిప్పి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. ఐదింటికొకటి, ఐదూ పదికొకటి, ఐదూ ఇరవైకొకటి. చివరిది వచ్చినప్పుడు నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని టీ తాగుతున్నాను.

వెంటనే ఆమె నంబరు నొక్కాను. చాలాసేపటికి ఎత్తింది.

"ఇచ్చేశానండీ కాగితం. మూడుసార్లు చేశాను, మీరు ఎత్తలేదు. రమ్మనడం ఇష్టం లేదు, ఉండమనడానికి నోరు రావడం లేదు అనుకున్నాను."

"అదేంటే! నీకింకా పన్నెండున్నరేగా!"

"ఒకటిన్నర. నిన్న ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపారండీ. వేసవి వస్తే అంతేనంట. ఫోన్‌లో టైము దానంతటదే మారిపోయింది, మీకు చెప్పాలని నాకు తట్టనే లేదు."

టైము జరపడమేంటి, నా బొంద! మా ఊళ్ళో కరెంటు పోతుంది, బస్సు రాదు. టైము మాత్రం ఎక్కడికీ పోదు.

"ఇంతకీ ఏం చెబుదామనుకున్నారు?" అంది.

నోటిదాకా వచ్చింది. సంతకం పెట్టాక చెబితే మూడేళ్ళూ ఆ మాట ఆమెను తినేస్తుంది.

"ఏముంది, నీ ఇష్టం అనేవాణ్ని."

"నాకు తెలుసు" అని నవ్వింది. ఏడ్చినా బాగుండేది. వెనక ఎవరో పిలుస్తున్నారు. "ఆ గంట అక్టోబరులో మళ్ళీ వెనక్కి ఇచ్చేస్తారంటండీ" అని పెట్టేసింది.

ఇస్తే మాత్రం, అక్టోబరులో దాన్ని నేనేం చేసుకోను?