బేపో కొలత తాడు

కొండలమీంచి విరుచుకుపడే బూరా గాలి లేచిన రోజున అడుగు బల్లపరుపుగా ఉన్న బేపో పడవ రేవు దాటేది కాదు. పక్కింటి జ్వానే కొత్త పడవ మాత్రం కత్తిలా కోసుగా దిగిన అడుగుతో అలల్ని చీల్చుకుపోతుంటే, బేపో కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది. ఒడ్డున ఉన్నప్పుడు ఆ అడుగుని వేలితో తట్టి, "కూరలు తరుక్కోడానికి పనికొస్తుంది!" అని పెదవి విరిచేవాడు. నిన్న అదే గాలిలో జ్వానే చొక్కా తడవకుండా బుట్టలనిండా సార్డీన్ చేపలతో తిరిగొచ్చాడు.

ఇవాళ మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుండగా, ఒడ్డుకి లాగి ఉన్న ఆ పడవ కింద దూరి బేపో తాడుతో అడుగు కొలిచి కొలతలకి గుర్తుగా ముడులు వేసుకుంటున్నాడు.

"అన్నా, పడవ ముక్కు దగ్గర ముడి మర్చిపోయావు," వెనకనుంచి జ్వానే అన్నాడు.

బేపో చెవులు ఎర్రబడ్డాయి. "వంకరుందేమోనని చూస్తున్నా, అంతే!" మొహం తిప్పకుండానే తాడు కొస వెనక్కి చాచాడు. "నిలబడి చూస్తావేం? గట్టిగా పట్టుకో."